కుండీలో జమ్మి

మా మిద్దె మీదికి ఎవరొచ్చినా మొదట చేసే పని వేలు పెట్టడం. కళ్లున్నాయి కదా, చూసి ఊరుకోవచ్చు కదా. ఊరుకోరు. ఆకు గిల్లాలి, కొమ్మ ఊపాలి, కుండీలో మట్టిని గోటితో గీకి ఇది నిజం చెట్టా ప్లాస్టిక్‌దా అని అడగాలి. మా కాలనీ పెద్దమనిషి ఒకాయన నోటినిండా గుట్కాతో వచ్చాడు. నా చింతచెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెచ్చుకోబోయాడు కాబోలు, మాట్లాడాలంటే నోరు ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది. ఎదురుగా ఉన్న కుండీలోనే తుపుక్కున ఉమ్మేశాడు. రెండేళ్లు తడిపి తడిపి పెంచిన పచ్చటి నాచు మీద ఎర్రటి నురుగు. ఆయన పోయాక ఆ నాచునంతా చెంచాతో గోకి పారేశాను. మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నా ఆ పూట అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ మనిషి బజార్లో ఎదురై నవ్వితే నాకు ఆయన మొహం కాదు, ఆ కుండీ కనిపిస్తుంది.

రెండో రకంవాళ్లు ముట్టుకోరు, శాపం పెట్టి పోతారు. పొట్టిచెట్టు ఇంట్లో ఉంటే పిల్లలు ఎదగరట, బరకతు ఉండదట. మా బిడ్డ నాకంటే రెండంగుళాలు ఎత్తు పెరిగి నిజామాబాదులో చదువుకుంటోందని చెప్పినా వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మా దుకాణం పక్కన పంక్చర్లు వేసే చాచా ఒక్కడే మర్యాద తెలిసినవాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక్కో కుండీ ముందు ఆగి ఆగి చూసి, మాషాల్లా అనుకుంటూ మెట్లు దిగిపోతాడు. అలాంటి మనిషి నాకు ఈ ఊళ్లో ఇంకొకడు దొరకలేదు.

నాది కామారెడ్డిలో మోటార్లు కట్టే దుకాణం. బోర్లలో కాలిపోయిన మోటార్లను రైతులు బీబీపేట నుంచీ లింగంపేట నుంచీ ఆటోల్లో వేసుకొస్తారు. లోపల మాడిపోయిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి ఇస్తాను. ఆ మాడిన తీగను అందరూ పాత ఇనుముకు వేస్తారు. నేను కొంత మిద్దె మీదికి తెచ్చుకుంటాను. ఒకసారి కాలిన రాగి మెత్తబడుతుంది, చెప్పిన మాట వింటుంది. కొమ్మకు చుట్టి వంచాక మళ్లీ బిగుసుకుని, వంచినచోటే నిలబెడుతుంది. చెట్లను పొట్టిగా పెంచే విద్య నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను కానీ, ఈ రాగి సంగతి మాత్రం నా వేళ్లకు ముందే తెలుసు.

అట్లని తప్పులు చేయలేదా? చేశాను. మోటారులో తీగ చుట్టు పక్కన చుట్టు సందు లేకుండా పడాలి, అదే పనితనం. ఆ అలవాటు కొద్దీ మొట్టమొదట ఒక వేపకొమ్మను కాయిల్ చుట్టినట్టే చుట్టేశాను. ముద్దుగా ఉందని నాలుగు రోజులు మురిసిపోయాను. నెల తిరగకముందే ఆ కొమ్మ ఎండి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. తీగ ఏటవాలుగా, వదులుగా, చెట్టుకు ఊపిరాడేట్టు చుట్టాలని అప్పుడు తెలిసింది. చుట్టాక మరిచిపోకూడదు, బెరడు ఉబ్బి తీగను మింగకముందే కోసి తీసేయాలి. రెండు వానాకాలాలకు ఒకసారి కుండీలోంచి లేపి, వేర్లు కత్తిరించి, ఇటుక ముక్కలూ వాగు ఇసుకా పశువుల ఎరువూ కలిపిన కొత్త మట్టిలో పెట్టాలి. ఇంత చేస్తే ఏడాదికి ఒక వేలెడు పని ముందుకు నడుస్తుంది.

నా దగ్గరున్న పదకొండు కుండీల్లో అసలుది జమ్మి. అది ఎల్లారెడ్డి దగ్గరి మా పొలం గట్టు మీదిది.

ఆ గట్టు మీద మా తాతల నాటి జమ్మిచెట్టు ఉండేది. దసరా సాయంత్రం మా వాడంతా అక్కడికే వచ్చేది. పూజ అయ్యాక ఆకు తెంపి, దాన్నే బంగారం అని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, ఏడాదంతా మాటల్లేనివాళ్లు కూడా కావలించుకుని పోయేవాళ్లు. మొదటి ఆకు తెంపే హక్కు మా ఇంటి పెద్దకొడుకుది. బాపు పోయాక అది మా అన్నకు వచ్చింది. పొలం కూడా అన్నే చేసుకున్నాడు, నేను దుకాణం పెట్టుకున్నాను. మా మధ్య పంపకాల గొడవేమీ లేదు.

తొమ్మిదేళ్ల కింద అన్న ఆ జమ్మిని పీకించాడు. కోతమిషను మలిగి తిరగడానికి అడ్డంగా ఉందట. జమ్మిని మా దిక్కు ఎవరూ నరకరు. జేసీబీ డ్రైవరే ముందు నేను ముట్టనన్నాడు. అన్న తనే కొబ్బరికాయ కొట్టి, తప్పంతా నాదని మొక్కి, పని చేయించాడు. నేను ఆ రోజు ఏదో పనిమీద ఊరికి పోయి చూద్దును కదా, చెట్టు వేర్లు పైకి పెట్టుకుని గట్టుకింద పడుంది. మొదలు దగ్గర వేరు పక్కనుంచి లేచిన పిలక ఒకటి, నా ముంజేయంత లావుది, ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని వేరుతో సహా రంపంతో కోసి తడి గోనెసంచిలో చుట్టుకున్నాను. ఇంటికి తెచ్చి చూపిస్తే, ఆ కట్టెను ఏం చేసుకుంటావురా అని అన్న నవ్వాడు. వదినె మాత్రం నవ్వలేదు. తలుపు చాటునే నిలబడింది.

మరుసటి ఎండాకాలం బోరు ఎండింది. ఇంకో రెండు వేయించాడు, దుమ్ము తప్ప చుక్క రాలేదు. పాడిబర్రె చచ్చింది. ఆ పై ఏడు సరిగ్గా ఆ జమ్మి ఉన్నచోటే ట్రాక్టరు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బోర్లు ఊరందరివీ ఎండినాయి, బర్రెలు ఊరందరివీ చస్తాయి. కానీ జనం నోరు ఊరుకుంటుందా? జమ్మిని పీకినోడు అన్నారు. చాయ్ హోటల్లో అన్నారు, పెండ్లి పందిట్లో అన్నారు, ఎదురుగా అన్నారు. దసరాకు మా వాడవాళ్లు ఎక్కడినుంచో కొమ్మ కొట్టుకొచ్చి నేలలో పాతి పూజ చేసుకోవడం మొదలుపెట్టారు. అన్న వెళ్లేవాడు, కానీ వెనకాల నిలబడేవాడు. మొదటి ఆకు తెంపమని ఆయన్ను ఎవరూ పిలవలేదు. జేసీబీ వచ్చిన రోజు వాళ్లంతా గట్టుమీద కూర్చుని వేడుక చూసినవాళ్లే.

ఒకరోజు అన్న చెప్పాపెట్టకుండా కామారెడ్డి వచ్చాడు. కుంటుకుంటూ మిద్దె ఎక్కి, జమ్మి ముందు నేలమీద కూలబడ్డాడు. అప్పటికి అది మూరెడు ఎత్తు, మొదలు మెలితిరిగి, సన్నటి ఆకు గుబురుగా వేసి ఉంది. చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహం చూడకుండానే అన్నాడు.

"చెట్టు బతికున్నది గద తమ్మీ. ఇది బతికున్నంత కాలం నా పాపం సగమే."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఫోను. ఎట్లున్నది అంటాడు. నేనెట్లున్నానని కాదు, మా ఆవిడ ఎట్లుందని కాదు, జమ్మి ఎట్లుందని. మంచిగుంది అంటే చాలు, పెట్టేస్తాడు. నాకు కొంచెం ఒళ్లు మండేది కూడా. చెట్టు పీకిందేమో ఆయన, దానికి చాకిరీ నేను, సుఖమేమో ఆయనకు. అయినా మంచిగుంది అనేవాణ్ని. మంచిగానే ఉండేది మరి.

ఆ చెట్టుకు అందమంతా ఎడమవైపు కింది కొమ్మలో ఉండేది. మొదట్లో అక్కడ గోరంత మొటిమ. దాన్ని పోనిచ్చి, కోసి, మళ్లీ పోనిచ్చి, మాడిన రాగితో రెండుసార్లు కిందికి దించి, ఆరేళ్లలో దాన్ని కొమ్మ చేశాను. దూరంనుంచి చూస్తే మా గట్టు మీది పెద్దజమ్మి కూడా అటువైపే ఒరిగి ఉండేదని నాకు గుర్తు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

పోయిన దసరాకు వారం ముందు అన్న ఫోను చేశాడు. ఆదివారం కాదు. జమ్మిని ఊరికి తెమ్మన్నాడు. వాడవాళ్లకు చెప్పేశాడట, కొమ్మ పాతడం వద్దు, మన గట్టు జమ్మే వస్తోందని. నేను ససేమిరా అన్నాను. దానికి ప్రయాణం పడదన్నాను, జనం చేతులు తెలుసన్నాను. ఆయన బతిమాలాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు, చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ గట్టుకే తీసుకుపోయినవాడు, చిన్నపిల్లాడిలా బతిమాలాడు.

"ఒక్కసారి అందరు జూడాలె తమ్మీ. నేను పీకింది సావలేదని జూడాలె."

ఒప్పుకున్నాను, కానీ షరతులు పెట్టాను. ఎవరూ ముట్టవద్దు. బంగారానికి వేరే కొమ్మ తెచ్చి పక్కన పెట్టుకోవాలి. నా చెట్టు ఎత్తుమీద ఉండాలి, పక్కన నేనుండాలి. అన్నిటికీ సరే సరే అన్నాడు.

ఆటో మాట్లాడుకుని, మా ఆవిడ ఒళ్లో కుండీ పెట్టుకుంటే, నేను పక్కన కొమ్మ పట్టుకుని, గుంత వచ్చినచోటల్లా డ్రైవర్ను తిట్టుకుంటూ ఎల్లారెడ్డి చేరాం. గట్టు దగ్గర బల్ల వేసి తెల్లబట్ట పరిచి ఉంచారు. అన్న కొత్త ధోవతి కట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. మొదటి పది నిమిషాలు నిజంగా బాగుంది. జనం దూరంగా నిలబడి చూశారు. ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు అన్న దగ్గరికొచ్చి భుజం తట్టారు. ఆయన మొహం నేను చాలా ఏళ్లుగా అట్లా చూడలేదు.

తర్వాత మొదలైంది. ఎవరో పసుపు చల్లారు. ఇంకెవరో పిడికెడు కుంకుమ తెచ్చి మొదలు మీద అదిమి అదిమి పూశారు. పాలు పోశారు. కొబ్బరికాయ కొట్టి నీళ్లన్నీ కుండీలోనే వంపారు. వేర్ల సందుల్లో అగరుబత్తీలు గుచ్చారు, నిప్పు ఉన్న చివర బెరడుకు ఆనేటట్టు. శ్లోకం రాసిన చీటీలను ముళ్లకు గుచ్చారు. వద్దు వద్దు అని నేను చేతులు అడ్డం పెడుతుంటే, దేవునికి అడ్డమేందని ఒకడు నా చెయ్యి పక్కకు నెట్టాడు. వాడి నోట్లోంచి కల్లు వాసన గుప్పున కొట్టింది. డప్పు మొదలైంది. పక్కన పెట్టిన వేరే కొమ్మ వైపు ఒక్కడు కూడా చూడలేదు. ఎట్లా చూస్తారు? మా దిక్కు పూజ అందుకున్న చెట్టు ఆకే బంగారం, మిగతాది మేకల మేత. ఈ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసి తెలిసి షరతు పెట్టి తీసుకుపోయాను చూడండి, నా తెలివికి నేనే మొక్కాలి.

మొదటి ఆకు తెంపమని ఒక పెద్దమనిషి అన్నను పిలిచాడు. ఇన్నేళ్ల తర్వాత పిలిచాడు. అన్నకు కళ్లనీళ్లు తిరిగాయి. నా వైపు చూశాడో లేదో నాకు తెలియదు. ముందుకు వంగి అందిన కొమ్మ పట్టుకున్నాడు. అందింది ఎడమవైపు కింది కొమ్మ. జమ్మి ఆకు విడిగా రాదు, రెమ్మతో గట్టిగా పీకాలి. పెద్దచెట్టుకు పీకినట్టే పీకాడు. టప్పుమంది. ఆరేళ్ల కొమ్మ, మొదలు బెరడు జానెడు చీల్చుకుని, ఆయన చేతిలోకి వచ్చేసింది.

ఆయన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తీస్కో తమ్మీ. బాపు బంగారం." అని నన్ను గట్టిగా కావలించుకున్నాడు. చెమట వాసన, అగరుబత్తి వాసన, ఆయన మీసం నా మెడకు గుచ్చుకోవడం, అన్నీ గుర్తున్నాయి. నేను గుంజలా నిలబడ్డాను. నా చేతులు లేవలేదు. ఆయన భుజం మీదినుంచి నాకు బల్ల కనిపిస్తోంది. జనం మీద పడి పీక్కుంటున్నారు. ఆడా మగా చిన్నా పెద్దా. బంగారం దొరికిందని నవ్వులు, సెల్ఫీలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఛీ, అనుకున్నాను. పైకి అనలేదు కానీ లోపల మా అన్న మొహాన, ఆ ఊరి మొహాన ఉమ్మేశాను.

చెట్టును ఆ రాత్రికి కామారెడ్డి తెచ్చుకున్నాం. ఆకు అన్నది లేదు. నాలుగో రోజుకు కుండీ కంపు కొట్టింది. పాలు విరిగి, కొబ్బరినీళ్లు పులిసి, పైన తెల్లటి బూజు, మట్టి కదిపితే సన్నటి పురుగులు లుకలుకలాడాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, అదను కాని అదనులో చెట్టును లేపి వేర్లు కడిగాను. కుళ్లిన వేర్లు వేళ్లకు జిగురుగా అంటుకున్నాయి. బెరడు పగుళ్లలోకి దిగిన కుంకుమను పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే ఎర్రటి నీళ్లు కారాయి. చీలిన చోట అంచులు నున్నగా కోసి, పసుపూ మైనమూ కలిపి పూశాను. దుకాణం రెండు రోజులు తెరవలేదు. మోటార్లు ఇచ్చిన రైతులు ఫోన్లు చేస్తే కసిరాను.

ఆదివారం అన్న ఫోను వచ్చింది. ఎత్తలేదు. మా ఆవిడ ఎత్తి దుకాణానికి పోయాడు బావా అని చెప్పింది. తర్వాతి ఆదివారం కూడా అంతే. ఆయనకు అసలు ఏం చేశాడో తెలియదని మా ఆవిడ అంది. తెలియకపోవడమే నాకు రోత. తెలిసి విరిచినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. ప్రేమతో విరిచి చేతిలో పెట్టినవాణ్ని ఏం చేయాలి?

మూడో ఆదివారం పొద్దున్నే మిద్దె ఎక్కితే చిగురు కనిపించింది. చీలిన చోటనే, మైనం పక్కనుంచి, ఆవగింజంత పచ్చటివి మూడు. కళ్లద్దాలు తెచ్చుకుని చూశాను. పై కొమ్మల మీద కూడా పది చోట్ల పొడుచుకొస్తోంది. బతికిందే నా తల్లి అనుకున్నాను. మా ఆవిడను కేకేసి పిలిచాను. ఆమె వచ్చి చూసి దండం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే అన్న దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ నవ్వుతూ ఫోను నాకు అందించింది.

ఎట్లున్నది అన్నాడు. అంతే. కొమ్మ విరిగింది కదా ఏమైంది అనలేదు, నువ్వు ఎందుకు మాట్లాడటం లేదు అనలేదు. ప్రతి ఆదివారం లాగే, అదే గొంతు. నాకు ఒళ్లంతా భగ్గుమంది. ఈయనకు మళ్లీ మంచిగుంది అని చెప్పాలి, ఈయన మళ్లీ సుఖంగా ఫోను పెట్టేసి చాయ్ తాగాలి.

"సచ్చిపోయింది" అన్నాను.

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అవతల అన్న గొంతు సవరించుకున్నాడు.

"నా చెయ్యే అసొంటిది తమ్మీ" అన్నాడు. ఎండిన మొద్దును చెత్తలో పడెయ్యవద్దన్నాడు. దేవుని చెట్టు కదా, మంజీర నదిలో కలపాలి, వచ్చే ఆదివారం తనే వచ్చి తీసుకుపోతానన్నాడు.

ఆ కాలుతో మీరు రావద్దు, నేనే తెస్తానని చెప్పి పెట్టేశాను. ఇప్పుడే మళ్లీ ఫోను చేసి అబద్ధమని చెప్పమని మా ఆవిడ అంది. రేపు చెబుతానన్నాను. రేపు వచ్చింది, చెప్పలేదు. ఎల్లుండి వచ్చింది. మూడు రోజులు దాటాక చెప్పాలంటే, ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. మింగలేక కక్కలేక తిరిగాను. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టి లోపలికి పోయేది.

మిద్దె మూలన ఎండాకాలంలో కుండీలోనే చచ్చిన నల్లతుమ్మ మొద్దు ఒకటి ఉంది. ఇంచుమించు జమ్మి ఎంతో అంతే లావు, అంతే పొడుగు. శనివారం దుకాణంలో షట్టరు సగం దించి, దాన్ని బల్ల మీద బిగించి, ఆకురాయితో ముళ్లు అరిగించాను. తుమ్మముల్లు జంటగా ఉంటుంది, పొడుగ్గా, తెల్లగా. జమ్మిది పొట్టి ముల్లు, విడివిడిగా ఉంటుంది. తుమ్మ బెరడు నల్లగా, లోతుగా పగిలి ఉంటుంది. అది కనపడకుండా పసుపు మెత్తాను, పైన కుంకుమ మెత్తాను. దసరా రోజు వాళ్లు పూసినదానికంటే మందంగా పూశాను. కొత్త తెల్లబట్టలో చుట్టాను. ముప్పై ఏళ్లుగా ఈ చేతులతో పని చేసుకుని బతుకుతున్నాను. అంత నీచమైన పని ఎన్నడూ చేయలేదు.

ఆదివారం ఆ మూట తీసుకుని ఊరికి పోయాను. అన్న పొద్దుటినుంచీ ఒక్కపొద్దు ఉన్నాడు. వదినె టెంకాయ, పూలు, కుంకుమ సర్ది ఇచ్చింది. నా బండి మీద ఇద్దరం మంజీర ఒడ్డుకు పోయాం. కార్తీకం, నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆయన నా భుజం పట్టుకుని మోకాలి లోతుకు దిగాడు. బట్టతో పాటే వదిలేద్దాం అన్నాను. బట్టతో వదలకూడదన్నాడు. ఆ ఆచారం నాకు గుర్తే లేదు.

ఆయన మూట విప్పాడు. మొద్దును రెండు చేతులతో నీళ్లలో ముంచి, నెమ్మదిగా, చంటిపిల్లకు పోసినట్టు కడిగాడు. పసుపూ కుంకుమా కొట్టుకుపోయి, కింద నల్లటి బెరడు బయటపడింది. ఆయన బొటనవేలు పగుళ్ల వెంబడి పోయింది. ముళ్లు అరిగించిన చోట ఆగింది. జంటగా, పక్కపక్కన రెండు మచ్చలు. ఇంకోచోట మళ్లీ రెండు. జీవితమంతా తుమ్మకంపతో చేనుకు కంచె వేసినవాడు, తుమ్మకర్రతో నాగలి చేయించుకున్నవాడు. చీకట్లో వాసన చూసి ఏ కట్టె ఏదో చెప్పగలడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను నీళ్ల వైపు చూశాను.

ఆయన మొద్దుకు మళ్లీ కుంకుమ పెట్టి, పూలు పెట్టి, కళ్లు మూసుకుని మొక్కి నీళ్లలో వదిలాడు. అది తేలుతూ కొంతదూరం పోయి, రాళ్ల మధ్య ఆగి, మళ్లీ కదిలి పోయింది. ఆయన అది కనపడనంత దూరం పోయేదాకా నిలబడ్డాడు. తర్వాత నా భుజం పట్టుకుని ఒడ్డెక్కాడు.

ఇంటికి తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నాం. వదినె పప్పు వేసింది, నెయ్యి వేసింది. నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను. ఆయన తిన్నాడు. పొలం సంగతీ, కొత్తగా పడిన బోరు సంగతీ మామూలుగా మాట్లాడాడు. నేను బండి తీస్తుంటే గేటు దాకా కుంటుకుంటూ వచ్చాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఒక నిమిషం నిలబడ్డాడు.

"సలికాలం జమ్మికి నీళ్లు తక్కువ పొయ్యాలె తమ్మీ" అన్నాడు. "రోజు పోస్తే వేరు మురుగుతది."

సరే అన్నా, అన్నాను.